మోచెయ్యి దాటిన కాయిల్

సకల జనులకు తెలియజేయడమేమనగా, చల్లదనం సొంతం, వేడి ఉమ్మడి. గదిలోని చల్లదనం ఆ గదివాళ్లదే. దాన్ని సంపాదించడానికి గదిలోంచి తోడి బయట పారబోసిన వేడి మాత్రం, గోడ దాటిన క్షణం నుంచి, నివాసుల సంఘానిది. ఈ మౌలిక సూత్రం తెలియక చాలామంది గోడకు లోపల వేలాడే తెల్లటి పెట్టెనే ఏసీ అనుకుంటారు. అది ఏసీ మొహం మాత్రమే. అసలు ఏసీ గోడ అవతల, ఇనుప చట్రం మీద కూర్చుని, ఎండనక వాననక ఫ్యాను తిప్పుకుంటూ మన వేడినంతా ఊరి మీదికి ఊదుతూ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని అవుట్‌డోర్ అంటారు. దాని వీపు నిండా పలచటి రేకులు, వాటి మధ్య మెలికలు తిరిగిన గొట్టాలు ఉంటాయి. అదంతా కలిపి కాయిల్. ఆ రేకుల సందుల్లో దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు, వేడి పోకపోతే చల్లదనం రాదు. అప్పుడు కాయిల్ కడగాలి. దానికి కావలసినవి ఒక బకెట్ నీళ్లు, ఒక మెత్తటి బ్రష్షు, ఇరవై నిమిషాలు.

మా ఇంట్లో ఆ ఇరవై నిమిషాలు బుధవారం ఉదయం మొదలై శనివారం మధ్యాహ్నానికి పూర్తయ్యాయి. (సంఘం చరిత్రలో ఇదే అత్యంత వేగవంతమైన పరిష్కారమని తరువాత నమోదైంది.)

మా భవనంలో అరవై నాలుగు ఇళ్లు. మాది రెండో అంతస్తు. ఇంట్లో నేను, మా ఆవిడ, మా అత్తగారు. పగలు నేను ఒక కార్యాలయంలో సర్క్యులర్లు రాస్తాను. సాయంత్రాలు మా నివాసుల సంఘం కార్యదర్శిగా, జీతం లేకుండా, అవే రాస్తాను. నా వాక్యంలో దూరడానికి సందు దొరకదని నాకు పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి నేను పడే శ్రమ ఇంట్లోవాళ్లకి ఏనాడూ అర్థం కాలేదు.

మా ఆవిడ కేకులు చేస్తుంది. ఇన్నాళ్లూ అన్నీ చుట్టాల పుట్టినరోజులకే చేసింది. చుట్టాలు ఎలా ఉన్నా బాగుందనే అంటారు, పైగా ఇంకో ముక్క పెట్టించుకుంటారు. అది మెప్పు కిందికి రాదని ఆవిడ దిగులు. అలాంటిది మొదటిసారిగా ముక్కూ మొహం తెలియనివాళ్లు, పక్క వీధి బడివాళ్లు, బడికి యాభయ్యేళ్లు నిండిన వేడుకకి మూడు అంతస్తుల కేకు చెప్పారు. శనివారం సాయంత్రం ఐదింటికి వచ్చి పట్టుకెళ్తారు. ఆ ఆర్డరు కాగితాన్ని ఆవిడ ఫ్రిజ్ తలుపుకి అంటించి, మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా ఒకసారి చదువుకునేది. నాకూ సంతోషంగానే ఉండేది, కాకపోతే ఆ కాగితంలో రెండు కామాలు తక్కువయ్యాయి.

వెన్నక్రీముకి ఒక గుణం ఉంది. గది చల్లగా ఉంటే నిలబడుతుంది, వెచ్చబడితే కూర్చుంటుంది. బుధవారం ఉదయం మధ్య గదిలో ఏసీ వేసుకుని ఆవిడ పరీక్షకని ఒక చిన్న కేకుకి క్రీము పూసింది. పావుగంటలో క్రీమంతా జారి కేకు పాదాల దగ్గర చేరింది. ఏసీ తన మొహం మీద పద్దెనిమిది అని చెప్పుకుంటోంది. గోడకున్న థర్మామీటరు ముప్పై రెండు అంటోంది.

"ఏవండీ, ఇది గాలి కొట్టడం లేదు, ఆవిరి పడుతోంది," అంది మా ఆవిడ.

మా అత్తగారు కిటికీ దోమతెర పక్కకి తోసి తల బయటపెట్టి చూశారు. అవుట్‌డోర్ ఆ కిటికీ పక్కనే ఉంది. "అల్లుడుగారూ, ఆ పెట్టె వీపు చూడండి. బొంత కప్పుకుని కూర్చుంది. రెండు చెంబులు నీళ్లు కొట్టి రుద్దితే వదిలిపోతుంది. ఆ పాత బ్రష్షు ఇటివ్వండి."

"అత్తయ్యా, దానికో పద్ధతి ఉంది," అన్నాను.

"నీళ్లు కొట్టడానికా?"

"నీళ్లు కొట్టడానికే."

ఆవిడ నా వంక, తరువాత తన కూతురి వంక చూసి లోపలికి వెళ్లిపోయారు. ఆ చూపులో అల్లుడి ఎంపిక గురించిన ప్రశ్న ఒకటి ఉందని నాకు అనుమానం.

పద్ధతి ఏమిటంటే, మా భవనం బాగోగులన్నీ ఒక ఏజెన్సీ చూస్తుంది. ఆ ఏజెన్సీకి "హాయి" అనే యాప్ ఉంది. లిఫ్టు ఆగినా, కుళాయి కారినా, ఏసీ అలిగినా అందులోనే చెప్పుకోవాలి. అందులో మనతో మాట్లాడేది మనిషి కాదు. మన మాటల్లోంచి ఒక ముఖ్యమైన మాటను ఏరుకుని, దాన్నిబట్టి మన కష్టం ఏ విభాగానిదో తేల్చే యంత్రం. నేను ఎప్పటిలాగే క్లుప్తంగా, సందు లేకుండా రాశాను. "కాయిల్ పనిచేయడం లేదు. దుమ్ము పట్టింది. వెంటనే చర్య తీసుకోగలరు."

హాయి వెంటనే స్పందించింది. "మీ బాధ మాకు అర్థమైంది. కాయిల్ పనిచేయనప్పుడు కుట్టడం సహజం. ప్రస్తుతం మీ ఇంట్లో ఎందరిని కుడుతున్నాయి?"

నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. "ఎవరినీ కుట్టడం లేదు" అని రాశాను.

"సంతోషం. ఇకముందు కుట్టబడే అవకాశం ఉన్నవారు ఎందరు?"

ఇంట్లో ఉన్నది ముగ్గురం. ప్రశ్నకి జవాబివ్వకుండా వదిలే అలవాటు నాకు లేదు. మూడు అని రాశాను. "ముగ్గురు బాధితులు నమోదయ్యారు. కీటక విభాగం అధికారి రేపు పది గంటలకు వస్తారు" అని చెప్పి, హాయి నాకు ఒక పువ్వు బొమ్మ పంపింది.

మా భాషలో కాయిల్ అంటే ఒకటే అర్థం. చుట్టలా ఉంటుంది, కొసన వెలిగిస్తారు, మూలన పెడతారు, దోమలు పోతాయి. ఆ సంగతి యంత్రానికి తెలిసింది. సర్క్యులర్లు రాసే నాకు తట్టలేదు. (ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదని మా ఆవిడ అంది. ఆ మాట అన్న తీరు మాత్రం వేరుగా ఉంది.)

గురువారం సరిగ్గా పదింటికి ఆ అధికారి వచ్చాడు. భుజాన ఇత్తడి పంపు, దానికి బారెడు గొట్టం, చంకలో రిజిస్టరు. భవనంలో అందరూ ఆయన్ని దోమల సార్ అంటారు. నెమ్మదైన మనిషి. గుమ్మంలో చెప్పులు విడిచి, ఒక్కో గది మూలకీ మర్యాదగా తొంగిచూశాడు.

"సార్, కాయిల్ ఏది?"

కిటికీలోంచి చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. "సార్, మీ కాయిల్ వేరు, నా కాయిల్ వేరు. మీరు దీన్ని వెలిగిస్తారా?"

"కడుగుతాం."

"కడిగే కాయిల్‌ని నేను ఇరవై రెండేళ్ల సర్వీసులో చూడలేదండీ," అని ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

"అయితే దీన్ని కొట్టేసి, ఏసీ విభాగానికి రాసుకుంటాం," అన్నాను.

"అది కుదరదు సార్. ఒక ఇంటికి ఒకసారికి ఒకటే కష్టం. ఇది మూస్తే గానీ ఇంకోటి తెరుచుకోదు. ఇది మూయాలంటే నేను దోమని చూసినట్టు రాయాలి."

"దోమలు లేవని రాయండి."

"లేవని రాస్తే తప్పుడు ఫిర్యాదు కింద పడుతుంది. ఆరు నెలలు మీ యాప్ పనిచేయదు. లిఫ్టు కూడా అందులోదే కదా, ఎక్కనివ్వదు."

కాబట్టి దోమల గణన మొదలైంది. నియమం ప్రకారం ఇంటిల్లిపాదీ చేతులు బయటపెట్టుకుని పావుగంట కదలకుండా కూర్చోవాలి. కూర్చున్నాం. ఒక్కటీ రాలేదు. మా అత్తగారు ప్రతి కిటికీకి తెర కుట్టి, ప్రతి మూలా రోజూ తుడిచే మనిషి. ఈ ఇంట్లో దోమ కనిపించి పదేళ్లయిందని నలుగురిలో చెప్పుకుని పొంగిపోయే మనిషి. ఇప్పుడు ఆవిడ ముంజేతులు ముందుకు చాపుకుని, ఒక్కటైనా రావాలని తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. అంత పరువుగల మనిషికి ఆ గతి పట్టించినందుకు నాకు మనసులో కష్టంగానే అనిపించింది.

దోమల సార్ రిజిస్టరు మూశాడు. "అమ్మా, శనివారం పదిన్నరకి మళ్లీ వస్తాను. ఒక్కటంటే ఒక్కటి చూపించండి. మిగతాది నేను చూసుకుంటాను. అప్పటిదాకా ఈ రెండు కాయిళ్లు వెలిగించండి, ఉచితం."

"వద్దండీ," అంది మా ఆవిడ, లేచి అడ్డంగా నిలబడి. "కేకంతా పొగ వాసన పడుతుంది."

ఆయన బల్ల మీది కేకు వంక చూశాడు. దాని పాదాల దగ్గరి క్రీమును కూడా చూశాడు. కాయిళ్లు మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం ఇక ఆగలేక మా ఆవిడే వీధి చివరి మెకానిక్కుని పిలుచుకొచ్చింది. అతను స్టూలెక్కి లోపలి పెట్టె మూత తీసి, "ఎవరండీ ఇంత శుభ్రంగా పెట్టింది, అద్దంలా ఉంది," అన్నాడు. అత్తగారు రెండు రోజుల తరువాత మొదటిసారి నవ్వారు. తరువాత కిటికీలోంచి తొంగిచూసి అతను నాలుక కరుచుకున్నాడు.

"అమ్మా, దుమ్ము, పావురాల ఈకలు, దారప్పోగులు కలిసి పరుపైపోయింది. పాపం మిషన్‌కి ఊపిరాడట్లేదు. గ్యాసు గీసు ఏం అక్కర్లేదు, కడిగితే చాలు. నీళ్లివ్వండి, ఇరవై నిమిషాల్లో," అంటూ చొక్కా చేతులు మడిచి, చెయ్యి బయటికి చాపాడు. చాపినవాడు సగంలో ఆగిపోయాడు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది?" అంది మా ఆవిడ.

"మోచెయ్యి దాటుతోందమ్మా."

ఇక్కడ నేను సంఘం నియమావళిలోని పద్నాలుగో నియమాన్ని పరిచయం చేయవలసి ఉంది. నిరుడు పై అంతస్తులో ఎవరో కిటికీలోంచి చాప దులిపారు. అసలు లోపల అనగా ఎంతవరకు, బయట అనగా ఎక్కడినుంచి అన్న ప్రశ్న తలెత్తింది. కొందరు మణికట్టు అన్నారు. ఉదారవాదులు భుజం అన్నారు. మూడు సమావేశాల తరువాత మోచెయ్యి దగ్గర రాజీ కుదిరింది. "నివాసులు గానీ, నివాసులు పిలిపించిన పనివారు గానీ, కిటికీ వెలుపలికి మోచెయ్యి దాటునట్లు చెయ్యి చాపిన యెడల అది బాహ్యకార్యముగా పరిగణింపబడును." బాహ్యకార్యానికి అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేస్తే పరికరాలు జప్తు చేసి, పేరు నోటీసు బోర్డు మీద "హద్దు మీరినవారు" అన్న శీర్షిక కింద పెడతారు. ఆ శీర్షిక ఎర్ర సిరాతో ఉంటుంది.

"నా నిచ్చెన మూడు నెలల నుంచి మీ సంఘం గదిలోనే ఉందమ్మా," అన్నాడు మెకానిక్కు దిగులుగా. "ఏ మహానుభావుడు రాశాడో గానీ, నిచ్చెన మీద నిలబడినా చెయ్యే లెక్కట."

మా ఆవిడ మహానుభావుడి వంక చూసింది.

అత్తగారు ఆశ వదులుకోలేదు. "చెయ్యి లోపలే ఉంచి చీపురుకట్టకి బ్రష్షు కట్టి రుద్దితే?"

"పదిహేనో నియమం అత్తయ్యా," అన్నాను గొంతు తగ్గించి. "చేతికి పొడిగింపుగా వాడే కర్ర, చీపురు, గొట్టం, గరిట, ఇవన్నీ చేతిలో భాగమే."

"గరిట కూడా రాశారా?"

"గరిట ప్రత్యేకంగా రాశాను."

మెకానిక్కు మంచినీళ్లు తాగి, రేపు కూడా వీధి చివరే ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు. నేను అనుమతి కోసం కిందికి దిగాను.

అనుమతులిచ్చేది బాహ్యకుడ్య ఉపసంఘం. దాని అధ్యక్షుణ్ణి అందరూ గోడ బాబాయి అంటారు. ఆయనది మా వరుసలోనే అట్టడుగున, నేల మీది ఇల్లు. రోజంతా వరండాలో పూలకుండీల మధ్య పడక్కుర్చీ వేసుకుని, దూరదర్శిని కళ్లకి పెట్టుకుని గోడను చూస్తుంటాడు. మనసు మంచిదే. ఆ గోడ మీద ఉన్న ప్రేమను ఆయన ఎవరి దగ్గరా దాచుకోడు. నియమావళి ప్రతిని నీళ్లు తగలకుండా ప్లాస్టిక్కు తొడుగు వేయించి చంకలో పెట్టుకుంటాడు.

"రా అబ్బాయ్. నువ్వు రాసిన పుస్తకం రోజుకోసారి చదువుతాను. ఏం రాశావయ్యా!" అన్నాడు.

నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం. సంగతి చెప్పాను. కేకు గురించి, బడి గురించి, శనివారం గురించి చెప్పాను. ఆయన కళ్లు చెమర్చాయి.

"అయ్యో, అమ్మాయికి ఎంత కష్టమొచ్చింది! ఇప్పుడే ఇచ్చేద్దాం. మూడు సంతకాలు. మొదటిది నాది, ఇదిగో పెట్టేశాను. రెండోది కింద నీళ్లు పడే ఇంటివాళ్లది. అదీ నేనే, పెట్టేశాను. మూడోది కార్యదర్శిది."

"కార్యదర్శిని నేనే బాబాయ్," అని కలం తీశాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇరవై రెండు."

కలం జేబులో పెట్టుకున్నాను. తన ఇంటి దరఖాస్తు మీద తాను సంతకం చేయరాదన్నది ఇరవై రెండో నియమం. అలాంటప్పుడు సర్వసభ్య సమావేశం పెట్టి ప్రత్యేక కార్యదర్శిని ఎన్నుకోవాలి. సమావేశానికి ఏడు రోజుల ముందు నోటీసివ్వాలి. నేను అక్కడే నిలబడి నియమావళి పన్నెండు పేజీలనూ మనసులో తిరగేశాను. ఎక్కడైనా ఒక సందు ఉందేమోనని వెతికాను. లేదు. నా జీవితంలో నా పనితనం నాకు అంత నచ్చని రోజు అదొక్కటే.

సాయంత్రం మా ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉంది. కాల్చిన కేకులు మూడూ ఒకదాని పక్కన ఒకటి, క్రీము లేకుండా, బోడిగా ఉన్నాయి. ఫ్రిజ్‌లో అంత కేకు పట్టదు. క్రీము పూస్తే ఈ వేడికి నిలవదు.

"మన వాళ్లయితే జారినా తినేసేవాళ్లండీ," అంది. "వీళ్లకి నేనెవరో కూడా తెలియదు. ఎవరో చెప్తే విని, నమ్మి, కాగితం రాసిచ్చారు. ఫోన్ చేసి చేతకాదని చెప్పమంటారా?"

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నయం. నేను తప్పు చేశానని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఇల్లాలి కోసం ఒక మగాడు చేయగల అతి పెద్ద సాహసానికి సిద్ధపడి, బ్రష్షు పట్టుకుని, చెయ్యి బయటికి చాపాను. మణికట్టు దాటింది. ముంజెయ్యి దాటింది. బ్రష్షు కొస దుమ్ముకి ఇంకా బెత్తెడు దూరం ఉండగా కింద నుంచి ఆప్యాయమైన కేక వినిపించింది.

"అబ్బాయ్, మోచెయ్యి!"

చెయ్యి దానంతట అదే లోపలికి వచ్చేసింది.

శనివారం తెల్లవారేసరికి అత్తగారు ఇంట్లో లేరు. పాలు కాగే వేళకి కింది నుంచి వచ్చారు. చేతిలో గాజుగ్లాసు, దాని మీద మూతగా సాసరు. గ్లాసులో ఒక దోమ. బలంగా, నిగనిగలాడుతూ ఉంది.

"ఎక్కడ దొరికిందమ్మా?" అంది మా ఆవిడ.

"గోడాయన పూలకుండీల కింద పళ్లేలున్నాయి చూడు, నీళ్లు నిలవుండి. అక్కడ సంతలా ఉంది. ఏరుకుని తెచ్చాను." ఆ పళ్లేల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. దూరదర్శినిలో గోడ కనిపిస్తుంది గానీ కాళ్ల దగ్గరిది కనిపించదు.

పదిన్నరకి దోమల సార్ వచ్చాడు. గ్లాసు చూసి ఆయన మొహం విప్పారింది. "బంగారం లాంటి దోమ. ఇక రాసేయొచ్చు. ఎక్కడ పుట్టిందో కూడా రాయాలండీ. పుట్టిన చోటు ఏది?"

అత్తగారు తొణకలేదు. సాసరు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో కిటికీ బయటికి, అవుట్‌డోర్ వైపు చూపించారు. (మోచెయ్యి లోపలే ఉంది.)

"అందులో."

దోమల సార్ ఆవిడ వంక చూశాడు. బల్ల మీద బోడిగా ఉన్న మూడు కేకుల వంక చూశాడు. ఫ్రిజ్ మీది కాగితం దాకా వెళ్లి, నిదానంగా పైకి చదివాడు. తిరిగి వచ్చి పంపు భుజానికి తగిలించుకున్నాడు.

"పుట్టిన చోటు గోడ అవతలున్నా చెట్టు మీదున్నా వదలకూడదని మా రూలు. మందు కొట్టేముందు మంచినీళ్లతో శుభ్రంగా కడగాలని కూడా రూలు. మంచినీళ్లున్నాయా అమ్మా?"

నేను పద్నాలుగో నియమాన్ని మనసులో మరోసారి చదువుకున్నాను. నివాసులు గానీ, నివాసులు పిలిపించిన పనివారు గానీ. ఈయన నివాసి కాదు. ఈయన్ని మేం పిలవలేదు. మేం పిలిచింది ఏసీవాళ్లని, యంత్రం పంపింది ఈయన్ని. నా గోడలో సందు ఉంది, ఒక మనిషి పంపుతో సహా పట్టేంత. జీవితంలో మొదటిసారి నా తప్పు చూసి నాకు గంతులెయ్యాలనిపించింది.

మా ఆవిడ పరుగెత్తి మెకానిక్కుని తీసుకొచ్చింది. అతను కిటికీ లోపలే, చేతులు కట్టుకుని, నియమబద్ధంగా నిలబడి మాట సాయం చేశాడు.

"ముందు కరెంటు కట్టేయండి. సార్, పొడి దుమ్ము ఆ పాత బ్రష్షుతో నిలువుగా దువ్వండి. అడ్డంగా కాదు, రేకులు వంగిపోతాయి. ఆఁ, అలా, జడ దువ్వినట్టు. ఇప్పుడు నీళ్లు. గట్టిగా కొట్టొద్దండీ, మెల్లగా, పై నుంచి కిందికి."

బారెడు గొట్టం కిటికీలోంచి సాగింది. ఈకలు లేచాయి, దుమ్ము చెక్కలు చెక్కలుగా ఊడింది, నల్లటి నీళ్లు ధారగా కిందికి జారాయి. కింద గోడ బాబాయి కేక పెట్టి, నియమావళి పట్టుకుని రెండంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు.

"ఎవరిదయ్యా ఆ మోచెయ్యి?"

"దోమల విభాగానిదండీ," అన్నాడు దోమల సార్, చెయ్యి ఆపకుండా. "మీది కింది ఇల్లే కదూ? ఇది అవగానే మీ పూలకుండీలు చూడాలి. ఆ పళ్లేల్లో నీళ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి?"

గోడ బాబాయి నియమావళి వెనక్కి పెట్టుకున్నాడు. "పని కానివ్వండి," అన్నాడు. "శుభ్రత ముఖ్యం కదా."

కాయిల్ కడగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆరడానికి ఇంకాసేపు. కరెంటు వేశాక అందరం థర్మామీటరు ముందు గుంపుగా నిలబడ్డాం. ముప్పై రెండు, ముప్పై, ఇరవై ఏడు. ఇరవై మూడు దగ్గర మా ఆవిడ అందరినీ గదిలోంచి బయటికి నెట్టి తలుపు వేసుకుంది. నాలుగున్నరకి తెరిచింది. కేకు మూడంతస్తులూ నిటారుగా నిలబడి ఉంది. క్రీము ఎక్కడ పూసిందో అక్కడే ఉంది. దోమల సార్ అప్పటిదాకా వెళ్లలేదు. రిజిస్టరులో "ఒక దోమ, చర్య తీసుకోబడినది" అని రాసి, ఇన్నేళ్ల సర్వీసులో ఇంత తృప్తి ఎప్పుడూ లేదన్నాడు.

బడివాళ్లు ఐదింటికి వచ్చి తీసుకెళ్లారు. ఏడింటికి ఫోన్ చేశారు. వాళ్ల హెడ్మాస్టరుగారు ముక్క తిని, ఎవరు చేశారని అడిగి, పేరు రాసుకున్నారట. వచ్చే నెల పదో తారీఖుకి ఇంకో కేకు, ఈసారి ఐదంతస్తులది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఫ్రిజ్ మీది కాగితం మరోసారి చదువుకుంది. తరువాత నా వైపు తిరిగి, "వాళ్లు మనకి ఏమీ కారు కదండీ," అంది. అలా నవ్వడం నేను చూసి చాలా ఏళ్లయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ భవనమన్నాక కళ్లుంటాయి. ఆదివారం ఎదురింటివాళ్లు మా అత్తగారిని పక్కకి పిలిచి, "పిన్నిగారూ, మా ఏసీ కూడా ఆవిరి పడుతోంది, ఆ దోమ ఇంకా ఉందా?" అని అడిగారు. సోమవారానికి ఆ గ్లాసు నాలుగు ఇళ్లు తిరిగింది. బుధవారానికి గోడ బాబాయి పూలకుండీల దగ్గర, గ్లాసులూ సాసర్లూ పట్టుకుని, తెల్లవారుజామున వరుస మొదలైంది. తోసుకోవడాలు ఎక్కువై చివరికి టోకెన్లు పెట్టాల్సి వచ్చింది. పళ్లేలు ఎండిపోకుండా రోజూ నీళ్లు పోసే బాధ్యత గోడ బాబాయి స్వచ్ఛందంగా తీసుకున్నాడు. హాయిలో అరవై నాలుగు ఇళ్లూ ఒకే వాక్యం రాశాయి. "కాయిల్ పనిచేయడం లేదు." మూడు వారాల్లో భవనంలోని కాయిళ్లన్నీ తళతళలాడాయి. మెకానిక్కుకి ప్రతి ఇంటి కిటికీ దగ్గర కుర్చీ వేసి టీ ఇచ్చారు. దోమల సార్‌కి దండ వేశారు. నిచ్చెన కూడా తిరిగి ఇచ్చేశాం.

నెలాఖరుకి ఏజెన్సీ నివేదిక వచ్చింది. ఏసీల గురించిన ఫిర్యాదులు సున్నా. అందువల్ల ఏసీ విభాగం అవసరం తీరిపోయిందని భావించి మూసేశారు. దోమలున్న ఇళ్లు అరవై నాలుగుకి అరవై నాలుగు. ఏజెన్సీ చూసే భవనాలన్నిటిలోకీ మాదే అధ్వానం. అరవై నాలుగు రిజిస్టరు పేజీల్లోనూ దోమ పుట్టిన చోటు ఒకటే ఉంది. అవుట్‌డోర్ యూనిట్టు. (పూలకుండీల పేజీ కూడా ఒకటి ఉండేది. అది ఉపసంఘం పరిశీలనలో ఉంది.)

దానిమీద తగిన తీర్మానం తయారుచేయమని, భాష బాగుంటుందని, ఏజెన్సీ ఆ వివరాలు నాకే పంపింది. రాశాను. దోమలకు మూలకారణమని నిస్సందేహంగా రుజువైనందున, అరవై నాలుగు అవుట్‌డోర్ యూనిట్లనూ వచ్చే నెల ఎనిమిదో తారీఖులోగా గోడల నుంచి తొలగించవలెను అని రాశాను. మూడో పేజీకి వచ్చాక గానీ ఆ గోడల్లో మా గోడ కూడా ఉందని నాకు తట్టలేదు. అప్పటికి వాక్యం మంచి ఊపులో ఉంది.

మిగతా ఇళ్లవాళ్లకీ తమ గోడ సంగతి తట్టలేదు కాబోలు, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దాని ప్రతి నిన్న మధ్యాహ్నం తలుపు కింద నుంచి ఇంట్లోకి వచ్చింది. మా ఆవిడ ఐదంతస్తుల కేకు కొలతలు వేసుకుంటున్నది ఆపి, మూడు పేజీలూ నిలబడే చదివింది. మడత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఎక్కడా సందు లేదండీ," అంది. "ఎవరు రాశారు?"

నేను లేచి ఫ్యాను వేశాను.